ములాకాత్‌కి రాని శనివారాలు

పోయిన నెల మా జెట్టీలో పాత నోటీసు తీసేసి కొత్తది అంటించారు. నేను పోర్ట్ బ్లెయిర్‌లో, ఫీనిక్స్ బే దగ్గర పడవల టికెట్ కౌంటర్ వెనక కూర్చుంటాను. నా కిటికీకి ఎదురుగా ఉన్న స్తంభం మీదే ఆ నోటీసు. పాతది హిందీలో, ఇంగ్లీషులో ఉండేది. ఎండకి వెలిసిపోయి, ఒక మూల చిరిగి వేలాడుతూ ఉండేది. కొత్తది పెద్దది, రంగుల్లో ఉంది. బంగారు రంగు కాగితం చుట్టిన పొట్లం బొమ్మ, దాని మీద చైనా అక్షరాలు. ఇలాంటి పొట్లాలు ఒడ్డుకి కొట్టుకొస్తే ముట్టుకోవద్దు, వెంటనే పోలీసులకి చెప్పండి, లోపల ఉన్నది మత్తుమందు, దగ్గర ఉంచుకోవడం నేరం అని కింద రాసి ఉంది. ఈసారి బెంగాలీ, తమిళం, తెలుగుల్లో కూడా రాశారు.

తెలుగు వరసలు రెండుసార్లు చదివాను. తప్పుల్లేకుండా రాశారు. మా చిన్నాన్నకి చదువు రాదు కాబట్టి అది తెలుగులో ఉన్నా ఒకటే, చైనా భాషలో ఉన్నా ఒకటే. చదువు వచ్చింది నాకు. పాత నోటీసు ఎదురుగా మూడేళ్లు కూర్చున్నది కూడా నేనే.

చిన్నాన్న అంటే సొంత చిన్నాన్న కాదు. మాయాబందర్‌లో మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేవాడు. వాళ్ల నాన్న, మా తాత ఒకే ఓడలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారట. మా వాళ్లు కొట్టు పెట్టుకున్నారు, వాళ్లు వల పట్టుకున్నారు. ఆయన పుట్టింది ఇక్కడే. అయినా మాట మాత్రం వాళ్ల నాన్న ఓడలోంచి దింపినది దింపినట్టే ఉండేది. నాకు నలభై దాటినా నన్ను చిన్నపిల్లని పిలిచినట్టు 'గుంటా' అనే పిలిచేవాడు.

ఆయన మాట్లాడుతుంటే కుడి అరచెయ్యి బోర్లా పెట్టి గాల్లో ఉంచేవాడు. అది సముద్రం. చెయ్యి కదలకుండా ఉంటే నీళ్లు నెమ్మదిగా ఉన్నాయని, వేళ్లు ఊగితే అల ఉందని, మణికట్టు తిరిగితే పడవ తియ్యకూడదని అర్థం. మనుషుల గురించి చెప్పేటప్పుడు కూడా అదే చెయ్యి. పిన్నికి కోపం వచ్చిన రోజున వాకిట్లోంచే మణికట్టు తిప్పి చూపించి, మమ్మల్ని ఇంట్లోకి రావద్దని సైగ చేసేవాడు. ఏ ప్రశ్నకీ అవునని గానీ కాదని గానీ అనేవాడు కాదు. "సూద్దాం" అనేవాడు. భోజనానికి రమ్మన్నా సూద్దాం, పన్ను పీకించుకోమన్నా సూద్దాం. కూర్చున్న చోటు నుంచి ఎప్పుడూ తనే ముందు లేచేవాడు. మాట మధ్యలో ఉన్నా సరే, లేచి వెళ్లిపోయేవాడు. తనని వదిలి ఇంకొకరు వెళ్లడం ఆయనకి ఇష్టం ఉండేది కాదనుకుంటాను.

నాకు ఈత నేర్పింది ఆయనే. అప్పట్లో ముసళ్ల భయం ఇంతగా లేదు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ డబ్బా ఒకటి నా నడుముకి కట్టి నీళ్లలోకి దింపేవాడు. రోజూ ఆ డబ్బాలో కొంచెం నీళ్లు పోసి మూత బిగించేవాడు. నేను అది గమనించలేదు. డబ్బానే నన్ను తేలుస్తోందనుకుని ధైర్యంగా కొట్టుకుంటూ వెళ్లేదాన్ని. ఒక రోజు ఒడ్డుకి వచ్చాక మూత తీసి తిరగేశాడు. డబ్బా నిండా నీళ్లే. నాకు ఏడుపు వచ్చింది, ఆయనకి నవ్వు వచ్చింది.

ఆయన ఇంటి కంచె మొత్తం సముద్రం తెచ్చిన సరుకే. బర్మా వలలకి కట్టే తేలుడు బుడ్లు, థాయ్ అక్షరాలున్న బకెట్లు, ఒక ఫ్రిజ్ తలుపు, జత లేని చెప్పులు. గాలి వీచిన మర్నాడు పొద్దున్నే ఒడ్డు వెంట నడిచి ఏరుకొచ్చేవాడు. ఏ వస్తువునైనా ఏదో ఒక పనికి పెట్టేవాడు. ఒకసారి ఇచ్చినదాన్ని సముద్రానికి తిరిగి ఇవ్వకూడదని ఆయన పట్టుదల. ఊళ్లో సగంమంది ఇలాగే ఏరుకుంటారు. అందులో ఎవరికీ తప్పు కనపడలేదు.

రెండేళ్ల కిందట వానలు తగ్గాక మా చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షన్‌కి మాయాబందర్ వెళ్లాను. ఫంక్షన్ రోజు మధ్యాహ్నం పట్టుచీరలోనే పిన్నిని పలకరించడానికి వాళ్లింటికి వెళ్లాను. బయట మా వాళ్లు ఆటోలో కూర్చుని హారన్ కొట్టిస్తున్నారు. పిన్ని పెరట్లోంచి వచ్చేలోపు చిన్నాన్న వంటింటి అలమరలోంచి ఒక పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. బంగారు రంగు కాగితం, చైనా అక్షరాలు. నేను చదువుకున్నదాన్ని కదా, ఇదేంటో చూసి చెప్పమన్నాడు. ఒక మూల చింపి ఉంది. లోపల పటిక పొడిలాంటిది. నాలిక మీద వేసుకుంటే చేదు విషంలా ఉందట. ఎరువేమో అని నిమ్మమొక్క మొదట్లో కాస్త చల్లాడట.

ఆ కాగితాన్ని ఎక్కడో చూసినట్టు అనిపించింది. మంచిది కాదని కూడా అనిపించింది. ఆటో హారన్ మళ్లీ మోగింది. "ఏదో చెడ్డదిలా ఉంది చిన్నాన్నా, పారెయ్" అన్నాను.

ఆయన పొట్లాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి, "సూద్దాం" అన్నాడు.

మర్నాడు తిరిగి వస్తుంటే బారాటాంగ్ దగ్గర మా బస్సు ఫెర్రీ ఎక్కడానికి లైన్లో ఆగింది. కిందికి దిగి టీ తాగుతుంటే ఒక్కసారిగా గుర్తొచ్చింది. రోజూ నా కళ్లెదుటే ఉండే స్తంభం మీద బొమ్మ అది. ఫోన్ తీశాను. సిగ్నల్ లేదు. అడవి దాటి పోర్ట్ బ్లెయిర్ దగ్గరికి వచ్చేసరికి సిగ్నల్ వచ్చింది. ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. ఫోన్లో ఏమని చెప్పాలి? బస్సు నిండా మనుషులు, నాది ప్రభుత్వ ఉద్యోగం. ఆస్టినాబాద్‌లో మా ఇంటికి చేరాక తీరిగ్గా చేద్దామనుకున్నాను. ఇంటికి వెళ్లాక రేపు చేద్దామనుకున్నాను. రేపు డ్యూటీ, ఎల్లుండి డ్యూటీ. ఐదో రోజు పిన్నే నాకు ఫోన్ చేసింది. చిన్నాన్నని పోలీసులు తీసుకెళ్లారని చెప్పింది.

ఆ చుట్టుపక్కల ఎవరో అలాంటి పొట్లాలు దొరికించుకుని అమ్మడం మొదలుపెట్టారట. పోలీసులు ఇల్లిల్లూ వెతుక్కుంటూ వచ్చారు. చిన్నాన్న వాళ్లు వెతికేదాకా ఆగలేదు, తనే అలమరలోంచి మూడు పొట్లాలు తీసి వాళ్ల చేతుల్లో పెట్టాడు. తీసుకెళ్లిపొండి, దీన్ని చల్లితే నా నిమ్మమొక్క చచ్చిపోయింది అని ఫిర్యాదు కూడా చేశాడట. వాళ్లు ఆ మాటా రాసుకున్నారు. వాడి చూశాడనడానికి అదొక రుజువు అయింది.

ఇలాంటి కేసుల్లో బెయిలు తొందరగా రాదు. ఆయన్ని పోర్ట్ బ్లెయిర్ జైలుకి తెచ్చారు. పిన్నికి మోకాళ్లు పట్టేశాయి. అంత దూరం బస్సులో కూర్చోలేదు. ఒక్కసారి వచ్చి వెళ్లి వారం రోజులు మంచం మీదే ఉంది. పిల్లలు లేరు. అందుకని ములాకాత్‌కి వెళ్లే పని నాకొచ్చింది.

శనివారాలు వెళ్లేదాన్ని. గేటు దగ్గర ఫారం నింపాలి, ఆధార్ కాపీ ఇవ్వాలి, ఫోను, బ్యాగు అక్కడే వదిలెయ్యాలి. 'రిష్తా', అంటే బంధుత్వం, అన్న గడిలో 'భతీజీ', అన్న కూతురు, అని రాసేదాన్ని. లోపల పొడుగాటి గది, మధ్యలో కన్నాల కన్నాల ఇనప జాలీ. ఒకటి కాదు, మూరెడు దూరంలో రెండు జాలీలు. ఆ కన్నాలూ ఈ కన్నాలూ కలిస్తేనే అవతలి మనిషి కనిపిస్తాడు. తల కొంచెం కదిపితే కన్ను, ఇంకొంచెం కదిపితే చెవి. ఇరవై నిమిషాలు ఉన్నా మొహం మొత్తం ఒక్కసారి చూడలేం.

మొదటి శనివారం ఏడవకూడదని గట్టిగా అనుకుని వెళ్లాను. ఆయన వచ్చి, అక్కడ బెంచీ ఉన్నా నేల మీద గొంతుక్కూర్చుని, "గాలి ఎటునుంచి ఉంది?" అని అడిగాడు.

నాకు తెలియలేదు. పుట్టినప్పటి నుంచి సముద్రం పక్కనే ఉన్నాను, పడవలకి టికెట్లు అమ్ముతాను, గాలి ఎటునుంచి ఉందో తెలియదు. తర్వాతి వారం నుంచి జైలుకి వెళ్లేముందు జెట్టీకి పోయి, పడవ మీద జెండా ఎటు ఎగురుతోందో చూసుకుని వెళ్లేదాన్ని. ఆయన కోసం నేను చెయ్యగలిగింది అదొక్కటే అయింది. బిస్కెట్లు తీసుకెళ్తే పక్కవాళ్లకి పంచేసేవాడు. ఉప్పుచేప అడిగాడు గానీ దాన్ని లోపలికి పోనివ్వలేదు.

లోపల ఆయనకి బర్మా జాలర్లు కొందరు స్నేహితులయ్యారు. మన నీళ్లలోకి వచ్చి దొరికిపోయినవాళ్లు. వాళ్ల మాట ఈయనకి రాదు, ఈయన మాట వాళ్లకి రాదు. అరచెయ్యి బోర్లా పెడితే చాలు, వాళ్లూ పెడతారట. కిటికీలోంచి చంద్రుణ్ని చూసి ఆటుపోట్ల వేళలు లెక్కగట్టి పొద్దున్నే అందరికీ చెబుతాడట. జైల్లో ఎవరికీ అక్కర్లేని సంగతి, అయినా అందరూ అడుగుతారట. నేను ఎలా ఉన్నావని అడిగితే జాలీ దగ్గరికి చెయ్యి తెచ్చి, కదలకుండా పట్టుకుని చూపించేవాడు. కన్నాల్లోంచి ఆ చేతి ముక్కలు కనిపించేవి. ఇరవై నిమిషాలు పూర్తవకుండానే తనే లేచి లోపలికి వెళ్లిపోయేవాడు.

సర్కారు ఇచ్చిన వకీలు మంచివాడు. ఒక రోజు కోర్టు బయట నన్ను పక్కకి పిలిచి విడమరిచి చెప్పాడు. అదేమిటో తెలియకుండా దగ్గర పెట్టుకున్నాడని నమ్మించగలిగితే ఆశ ఉందట. పొట్లాన్ని దాచకుండా ఎవరికైనా చూపించి ఉంటే, ఇదేంటని అడిగి ఉంటే, ఆ మనిషి వచ్చి చెబితే బాగుంటుందట. భార్య మాటకి అంత బలం ఉండదట. అలాంటివాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు.

ఆలోచిస్తానన్నాను. రెండు వారాలు ఆలోచించాను. తెలిసి ఎందుకు చెప్పలేదని నన్ను అడుగుతారు. నోటీసు ఎదురుగా కూర్చునే ఉద్యోగిని అంటారు. మా ఆయనతో చెప్పాను. ఆయన వద్దనలేదు, సరే అనలేదు, లేచి వెళ్లి పంపు కట్టేసి వచ్చాడు. చివరికి ఒక శనివారం జాలీ దగ్గర చిన్నాన్నతో అన్నాను.

"వకీలుకి చెబుతాను చిన్నాన్నా. నువ్వు నాకు చూపించి అడిగావని."

"నీకేటి సూపించాను?"

"ఆ పొట్లం. ఫంక్షన్ రోజున."

"ఆ దినం నువ్వు మా ఇంటికి రానేదు."

"వచ్చాను చిన్నాన్నా."

"రానేదు." ఆయన గొంతు పెంచలేదు. జాలీకి మొహం ఆనించాడు, ఒక కన్ను మాత్రమే కనిపించింది. "నీది సర్కారీ నౌకరీ. తెల్సి పోలీసోళ్లకి ఎందుకు రపట్ ఇవ్వనేదని నిన్నడుగుతారు. అప్పుడేటి సెప్తావు? నేను ముసిలోణ్ని, ఇక్కడ ఉన్నా ఒకటే. నువ్వు రానేదు. బస్."

లేచి వెళ్లిపోయాడు.

ఆ రోజు రెండు సంగతులు తెలిశాయి. పారెయ్ అన్నప్పుడు నాకు ఎంతో కొంత అనుమానం ఉందని ఆయనకి మొదటి నుంచీ తెలుసు. ఒక్క శనివారం కూడా దాన్ని ఎత్తలేదు. రెండోది నా గురించి. ఆయన వద్దన్నప్పుడు నాకు బాధ కలగలేదు. ఊరట కలిగింది. గేటు దగ్గర ఫోను, బ్యాగు తీసుకుంటూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. ఇది రాయడానికి నాకు ఇన్నాళ్లు పట్టింది.

తర్వాతి శనివారం వెళ్తే ఆయన రాలేదు. గార్డు లోపలికి వెళ్లి వచ్చి, "నహీ ఆ రహా దీదీ. తబియత్ ఠీక్ హై. మిలనా నహీ, బోల్తా హై" అన్నాడు. ఒంట్లో బాగానే ఉంది, కలవనంటున్నాడని. ఖైదీకి ములాకాత్‌కి రాకుండా ఉండే హక్కు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆయనకి మిగిలిన ఒకే ఒక్క హక్కుని నా మీద వాడాడు. వరసగా ఐదు శనివారాలు రాలేదు. అయిదుసార్లూ ఫారం నింపాను, ఇరవై నిమిషాలు బెంచీ మీద కూర్చున్నాను. చుట్టూ అందరూ జాలీ మీద నోరు పెట్టి అరుచుకుంటుంటే నా ముందు మాత్రం ఖాళీ జాలీ. ఐదోసారి గార్డే నాకు నీళ్లు తెచ్చి ఇచ్చాడు.

చిన్నాన్న జైలు ఫోన్ నుంచి పిన్నితో మాట్లాడినప్పుడు చెప్పాడట, ఆ గుంట మాట ఇస్తే గానీ నేను ములాకాత్‌కి రానని. ఏ మాటో పిన్నికి చెప్పలేదు. పిన్ని నన్ను అడగలేదు. సరే, మాట ఇచ్చానని చెప్పమన్నాను.

ఆరో శనివారం వచ్చాడు. బాగా తగ్గిపోయాడు. చొక్కా భుజాల మీంచి జారుతోంది. ఏమీ జరగనట్టే కూర్చుని గాలి సంగతి అడిగాడు. నైరుతి నుంచి అని చెప్పాను. నిమ్మమొక్క పోయిన చోట బొప్పాయి పెట్టమని పిన్నికి చెప్పమన్నాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ దగ్గాడు. ఆ వారమే బెయిలు రెండోసారి కాదన్నారు.

మర్నాడు మధ్యాహ్నం కౌంటర్ మూసి, అన్నం డబ్బా పక్కకి జరిపి, కాగితం తీసి రాశాను. ఆ రోజు వాళ్లింటికి వెళ్లానని, ఆయన పొట్లం నా చేతిలో పెట్టి ఇదేంటని అడిగాడని, నేను పారెయ్ అన్నానని, ఎందుకు అన్నానో చెప్పలేదని, మర్నాడు గుర్తొచ్చినా ఫోన్ చెయ్యలేదని. సంతకం పెట్టి వకీలుకి ఇచ్చాను. ఆయన చదివి ఫైల్లో పెట్టుకున్నాడు. సాక్షుల వరస వచ్చినప్పుడు పిలుస్తారని చెప్పాడు.

అక్కడి నుంచి వాయిదాలు. ఒకసారి వాన, పడవలు తిరగలేదు, ఎవరో రాలేదు. ఒకసారి సెలవు. ఒకసారి పై నుంచి రావాల్సిన కాగితం రాలేదు. ఎవరి తప్పూ అనడానికి లేదు. అన్నీ నిజమైన కారణాలే. ప్రతి శనివారం జాలీ ముందు కూర్చుని గాలి గురించి చెబుతూ, ఆయనకి ఇచ్చిన మాట తప్పానన్న సంగతి దాచుకునేదాన్ని. ఆయనకి దగ్గు ఎక్కువైంది. ఆసుపత్రికి తీసుకెళ్లి మందులిచ్చారు.

చివరి ములాకాత్ రోజు ఆయన నేల మీద కూర్చోలేదు, బెంచీ మీద కూర్చున్నాడు. పది నిమిషాలయింది, పదిహేనయింది, లేవలేదు. గంట కొట్టారు. అటూ ఇటూ అందరూ లేచారు. ఆయన లేవలేదు. జాలీ అవతల నుంచి అలా చూస్తూ కూర్చున్నాడు. గార్డు రెండుసార్లు పిలిచాడు. నన్ను కూడా బయటికి నడవమన్నారు. ఆయన కూర్చుని ఉండగా నేను ముందు లేచి రావడం నా జీవితంలో అదే మొదటిసారి. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూస్తే రెండు జాలీల మధ్య నుంచి తెల్ల చొక్కా తప్ప ఏమీ కనిపించలేదు.

మంగళవారం పొద్దున కౌంటర్ ముందు పెద్ద లైను ఉండగా జైలు నుంచి ఫోన్ వచ్చింది. ఆసుపత్రిలో పోయాడు, ఫారంలో మీ నంబరే ఉంది, వచ్చి సంతకం పెట్టాలని. ముందున్న మనిషికి టికెట్ కోసి ఇచ్చి, చిల్లర ఇచ్చి, అప్పుడు లేచాను.

ఇరవై రోజుల తర్వాత కోర్టులో కేసు పిలిచారు. వెళ్లాను. ముద్దాయి చనిపోయాడు కాబట్టి ఆయన మీద కేసు మూసేశామన్నారు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. దోషి అనలేదు, నిర్దోషి అని కూడా అనలేదు. వకీలు బయటికి వచ్చి ఫైల్లోంచి నా కాగితం తీసి నాకే ఇచ్చేశాడు. ఎక్కడా దాఖలు చెయ్యలేదు, ఇక దీనితో మీకేం ఇబ్బంది లేదని నాకు ధైర్యం చెప్పాడు.

చిన్నాన్న పేరు ఇక్కడ రాయలేదని చదివేవాళ్లకి అనిపించవచ్చు. పోలీసులు ఎంత అడిగినా, కోర్టులో ఎంత అడిగినా ఆయన నా పేరు ఎత్తలేదు. నాకు ఆయన పేరు రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఆ కాగితం తీసుకుని మాయాబందర్ వెళ్లాను. మధ్యాహ్నం. పిన్ని వాకిట్లో పీట మీద కూర్చుని, కాళ్లు చాపుకుని, మోకాళ్లకి నూనె రాసుకుంటోంది. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. హారన్, ఫెర్రీ, నాలుగు రోజులు, అన్నీ. ఆమె నూనె రాసుకోవడం ఆపలేదు. అయిపోయాక, "ఆ కాగజ్ సదువు" అంది.

అది ఇంగ్లీషులో ఉంది. ఒక్కో వాక్యం తెలుగు చేసి చదివాను. కోర్టులో ఎవరూ వినని ఆ కాగితాన్ని పిన్ని తల వంచుకుని చివరి వరకూ విన్నది. తర్వాత నూనె చేతులు కొంగుకి తుడుచుకుంది.

"నువ్వు ఆ నాడే ఫోన్ సేసుంటే పోలీసోళ్లు ఆయన్ని ఒగ్గీసేవోరా?"

"తెలీదు పిన్నీ" అన్నాను.

"తెల్దనకు. వకీలుకి తెల్దు, పోలీసోడికి తెల్దు, జడ్జికి తెల్దు. అందరూ తెల్దనే సెప్పినారు నాకు." ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు సదువుకున్నావు. అవునను, కాదను. ఏదోటి సెప్పు. నేను ఈ ఇంట్లోనే ఉండాల."

కాదు అంటే ఆమెకి తేలిక. నాకూ తేలికే. నోటి దాకా వచ్చింది కూడా.

"అవును పిన్నీ" అన్నాను. "ఆ రోజే ఫోన్ చేసి ఉంటే, తనే తీసుకెళ్లి స్టేషన్లో ఇచ్చి వచ్చేవాడు. ఇంటికి తిరిగి వచ్చేవాడు."

పిన్ని గోడ పట్టుకుని లేచింది. నేను సాయం పట్టబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది. లోపలికి వెళ్లి కంచంలో అన్నం, చేపల పులుసు పెట్టి తెచ్చి నా ముందు ఉంచింది. తిను అంది. తాను తిరిగి లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. నేను ఆ వాకిట్లో ఒక్కదాన్నే కూర్చుని, ఒక్క మెతుకు వదలకుండా తిన్నాను. కంచం కడిగి గుమ్మం పక్కన బోర్లించి, బస్సుకి బయల్దేరాను.